మూడోసారి లేచిన గడ్డ

మగ్గానికి నూలు కండెలు చుడుతూ ధనశ్రీ గుటక వేసింది. గొంతు నడుమ ఏదో పైకి లేచి దిగింది. రాట్నం ఆపి వేలితో తడుముకుంది. పాత కోత మచ్చ కింద, ఉసిరికాయంత.

రాట్నం ఆగిన సంగతి వంటింట్లో ఉన్న అత్త చౌడేశ్వరమ్మకు వెంటనే తెలిసింది. "మళ్ళీ లేచిందా? పెళ్ళిచూపులకు మెడ దాకా జాకెట్టు కుట్టించుకొచ్చినప్పుడే అనుకున్నా. పుట్టుగడ్డని దాచి కట్టబెట్టారు."

పదకొండేళ్ళుగా అదే మాట. చిన్నప్పుడోసారి చీము పడితే కోసి కార్చేశారు. పెళ్ళయ్యాక ఆపరేషన్ చేశారు. అయినా వచ్చింది. తన ఒంటిని తనే నమ్మడం మానేసింది ధనశ్రీ. ఆపరేషనయిన నాలుగో రోజునే కండెలకు కూర్చోబెట్టారు గదా, మెడ వంచడం వల్లే లేచిందేమో అనీ అనుకుంది. కొన్నాళ్ళకు ఆ అనుమానం ఇంకోవైపు తిరిగింది. పాత కాయితాలేవని అడిగితే భర్త ఉమామహేశ్ "పోయినయ్" అన్నాడు, మొహం చూడకుండా. నూలు కట్ట మీది లేబులు కూడా పారేయకుండా దాచే మనిషతను. అతను షాపులకు చీరలు వేయడానికి వెళ్ళిన పూట బీరువా అడుగున వెతికితే, ఆ లేబుళ్ళ కిందే దొరికాయి. అంతా ఇంగ్లీషు. ఆమెది పదో తరగతి, తెలుగు మీడియం. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

భర్తతో విజయవాడ వెళ్ళి చూపించుకుంటే డాక్టర్ హెలెన్ గారు "నాలుక బయటపెట్టమ్మా" అన్నారు. పెడితే గడ్డ పైకి జరిగింది.

"పాత కాయితాలున్నాయా?"

"పోయినయ్ మేడం" అన్నాడు ఉమామహేశ్.

ధనశ్రీ బ్యాగు తెరిచి వాటిని బల్ల మీద పెట్టింది.

డాక్టరు గారు రెండుసార్లు చదివారు. "తల్లి కడుపులోనే పడిన గడ్డమ్మా ఇది. దీని వేరు గొంతులో చిన్న ఎముక మధ్యగా నాలుక మొదలు దాకా పోతుంది. ఆ ఎముక ముక్కతో సహా తీస్తే మళ్ళీ రావడం అరుదు. ఆ మాట చెప్పామనే రాశారిక్కడ, అప్పుడు ఆపరేషన్ చేసినవాళ్ళు. గడ్డ వరకే తీయమని మీవారు సంతకం పెట్టారు."

"చిన్న ఆపరేషన్ చాలని డాక్టరే అన్నాడని ఈయన చెప్పారు నాకు" అంది ధనశ్రీ, భర్త వైపు తిరగకుండానే.

"అప్పుడు పెళ్ళిళ్ళ సీజను. పది రోజులు నువ్వు మంచమెక్కితే మగ్గం ఆగిపోద్ది గదా." గొంతు తగ్గించాడతను. "ఇప్పుడైనా ఇంటికెళ్ళి అమ్మనడిగి..."

"ఎముక ఆవిడ మెడలోది కాదు గదండీ."

ధనశ్రీ బల్ల మీది పెన్ను అందుకుంది.

"మరి కండెలు?"

"రాట్నం ఎక్కడుందో అత్తయ్యకు తెలుసు."

డాక్టరు గారు కొత్త కాయితం ముందుకు జరిపి, సంతకం ఎక్కడో వేలితో చూపించారు. ధనశ్రీ పెన్ను ఆనించలేదు.

"అందులో ఉన్నదంతా తెలుగులో చదవండి మేడం. విన్నాక పెడతాను."