నోటు పుస్తకంలో ఎర్ర పువ్వు

నా కుడి మోచెయ్యి పూర్తిగా చాచడానికి రాదు. పదకొండేళ్లప్పుడు ఊరి బేస్‌బాల్ జట్టుకి బంతులు విసిరీ విసిరీ పాడు చేసుకున్నాను. ఆ రోజుల్లో నొప్పి అన్నవాడికి కోచ్ చేతిలో చెంప పగిలేది. అందుకే మంగలి పని నేర్చుకున్నప్పుడు కత్తెర ఎడమ చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈ ఓడరేవు పట్నంలో సగం తలలు ఆ ఎడమ చేతి కిందే వంగుతున్నాయి.

ఆ మోచేతి పుణ్యమా అనే ఇరవై ఏళ్ల కిందట పిల్లల బేస్‌బాల్ జట్టు పెట్టాను. నాకు తోడు కుజిరై. పడవలు బాగుచేసే వడ్రంగి. చిన్నప్పుడు నా బంతులు పట్టిన క్యాచర్ వాడే. నేను ఏడుస్తూ విసరడం క్యాచర్ తగిలించుకునే ఇనప ముసుగు వెనక నుంచి చూసింది వాడొక్కడే. మన పిల్లల్లో ఏ ఒక్కడి చెయ్యీ ఇలా కాకూడదని ఇద్దరం ఒట్టు వేసుకున్నాం. బంతి విసిరే పిచర్ ఎవడైనా సరే, రోజుకి డెబ్భై బంతులు దాటడానికి వీల్లేదు. ఆ లెక్క కుజిరైది. బొటనవేలితో నొక్కే చిన్న మిషను ఎప్పుడూ వాడి మెడలో వేలాడుతూ ఉంటుంది. వాడు డెబ్భై అంటే డెబ్భై. నేను తిరిగి లెక్కపెట్టిన పాపాన పోలేదు.

ఇంకొకటి, ప్రతి పిల్లాడికీ ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఆ రోజు ఏం ఆడారు, ఎక్కడ తప్పారు, ఒళ్లెలా ఉంది, అన్నీ రాయాలి. అబద్ధం రాస్తే మైదానం చుట్టూ ఇరవై రౌండ్లు. ప్రతి బుధవారం పన్నెండు పుస్తకాలూ నా సెలూన్ బల్ల మీదికి వస్తాయి. నేను ఎర్ర పెన్నుతో జవాబు రాసి, బాగుంటే రేకులున్న పువ్వు వేస్తాను. ఆ పువ్వు కోసం పిల్లలు కొట్టుకు చస్తారు. ఇంత ఓపిక ఇంకే కోచ్‌కి ఉందో చూపించమని గిరాకీలందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి.

జిల్లా పోటీలకు ముందు శనివారం జట్టు మొత్తానికి నా చేత్తోనే క్రాపు. ఆఖరున కోహకు కూర్చున్నాడు. పన్నెండేళ్లవాడు, మా పిచర్. ఇరవై ఏళ్లలో వాడిలాంటి చెయ్యి నేను చూడలేదు.

"తల వంచరా. ఎండు చేపలా బిగుసుకుపోయావేంటి?" అన్నాను.

వాడు నవ్వలేదు. క్రాపు అయ్యాక చల్లటి బార్లీ టీ గ్లాసు వాడి కుడి పక్కన పెట్టాను. వాడు ఒళ్లంతా తిప్పి, ఎడమ చేత్తో అందుకున్నాడు. నలభై ఐదేళ్లుగా నేను గ్లాసు అందుకునే తీరు అదే.

"చెయ్యి చాచు."

"ఏం లేదు కోచ్ గారూ."

"చాచరా!"

చాచాడు. మోచెయ్యి సగంలో ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలు. సోమవారం, శుక్రవారం బడి అయ్యాక కుజిరై బాబాయ్ షెడ్డులో విసురుతున్నాను. మైదానంలో విసిరే డెబ్భై కాక, ఇంకో అరవయ్యేసి బంతులు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

వాడు అద్దంలో నా ముఖం వంక చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. చివరికి, "సారీ అండీ" అన్నాడు. నోరు మూయించింది కుజిరైయే అనుకున్నాను. వాళ్లమ్మకి ఫోన్ చేసి, వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పి, ఏప్రన్ కూడా విప్పకుండా రేవుకి పరిగెత్తాను.

షెడ్డు గోడ మీద సుద్దతో గీసిన చతురస్రం ఉంది. దాని నిండా బంతి దెబ్బలు. లెక్క మిషను, పాత క్యాచర్ ముసుగు ఒకే మేకుకి వేలాడుతున్నాయి. కుజిరై చిత్రిక పక్కన పెట్టి నన్ను చూశాడు.

"తెలిసిపోయిందా? రేపు గెలిచాక నేనే చెబుదామనుకున్నా."

"గెలిచాక చెబుతావా! వాడి చెయ్యి సగంలో ఆగిపోయిందిరా. ఇదిగో, ఇలాగ!" నా మోచెయ్యి వాడి ముక్కు కింద పెట్టాను.

"వాడే అడిగాడురా, ఇంకా విసురుతా బాబాయ్ అని."

"పన్నెండేళ్ల వెధవ మూడు ఐస్‌క్రీములు అడుగుతాడు. కొనిపెడతావా?"

"ఇరవై ఏళ్లు నీ డెబ్భై లెక్కపెట్టి నా వేలు కాయ కాసింది మినోవా. ఒక్క కప్పు తెచ్చామా? ఇలాంటి చెయ్యి మన ఊళ్లో మళ్లీ పుడుతుందా? చచ్చేలోపు ఒక్కసారి గెలవాలనిపించింది. అంతే."

నమ్మించి గొంతు కోయడం అంటారు. రోజూ జనం గొంతుల మీద కత్తి ఆడించేవాణ్ణి, ఆ మాట ఎంత నిజమో నాకు ఆ పూటే తెలిసింది. ఇంకెవరైనా అయితే నాలుగు తిట్టి వదిలేసేవాణ్ణి. వీడు నా ఏడుపు కళ్లారా చూసినవాడు. చూసి కూడా, అదే ముసుగు తగిలించుకుని ఇంకో పిల్లాడి ముందు కూర్చున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"రేపట్నుంచి మైదానంలో అడుగు పెట్టకు. నా సెలూన్ గుమ్మం కూడా ఎక్కకు."

"ఇన్నేళ్ల స్నేహంరా మినోవా."

"ఇన్నేళ్లూ ఎవడో పరాయివాడితో తిరిగాననుకుంటాను."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నాడు: "నన్నెంతైనా తిట్టు, పడతాను. కానీ నీకేం తెలియనట్టు మాట్లాడకు. వాడు పుస్తకంలో రాశాడుగా. నువ్వు పువ్వు కూడా వేశావు. వాడే తెచ్చి చూపించాడు. నీకూ గెలవాలనే ఉంది, పైకి చెప్పలేక ఊరుకున్నావనుకున్నా."

"పచ్చి అబద్ధం!" అని అరిచి వచ్చేశాను.

ఆ వారం పుస్తకాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. మర్నాడు మైదానంలో పంచాలి. కోహకు పుస్తకం తీసి, నిలబడే పేజీలు వెనక్కి తిప్పాను. రెండు నెలల కిందటి శుక్రవారం దొరికింది. పేజీ అడుగు దాకా రాశాడు.

"ఈ రోజు కుజిరై బాబాయ్ షెడ్డులో అరవై బంతులు విసిరాను. ఇంటికొచ్చాక కుడి చేత్తో చాప్‌స్టిక్స్ పట్టుకోలేకపోయాను. మోచెయ్యి లోపల నొప్పి. ఎవరికీ చెప్పొద్దన్నారు. కానీ పుస్తకంలో అబద్ధం రాయకూడదని మీరు చెప్పారు కదా, అందుకే రాస్తున్నాను. నేను విసరొచ్చా, ఆపాలా? చెప్పండి కోచ్ గారూ."

కింద ఎర్ర పువ్వు. దాని పక్కన నా చేతి రాత: "భేష్! ఇలాగే కొనసాగించు."

ఆ తర్వాతి బుధవారం నాకు గుర్తొచ్చింది. చేపల మార్కెట్ ప్రెసిడెంట్ ముఖాన వేడి తువ్వాలు కప్పి, అది చల్లారేలోపు పన్నెండు పుస్తకాలూ ముగించాను. పేజీ నిండా రాశాడని మురిసిపోయి పువ్వు వేశాను. ఒక్క అక్షరం చదవలేదు.

ఆ తర్వాత ప్రతి వారం వాడు ఒకటే వాక్యం రాశాడు. "ఈ రోజు చెయ్యి బాగుంది." వాడు రాసిన మొదటి అబద్ధాలవి. ప్రతిదాని కిందా నా పువ్వు ఉంది. మొత్తం ఏడు.

మధ్యాహ్నం నుంచీ కుజిరై మీద నా కడుపు రగిలిపోతోందే, ఆ మంటనే ఆ పసివాడు రెండు నెలలు నా మీద మోశాడు. మోస్తూనే వచ్చి, నా కత్తి కింద మెడ వంచి కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదని వాణ్ణే నిలదీసిన నా నోరు పడిపోవాలి.

కోహకు మోచేతి ఎముక చిట్లిందని, ఆరు నెలలు బంతి ముట్టకూడదని డాక్టర్ చెప్పాడు. ఆదివారం మొదటి ఆటకే ఓడిపోయి ఇంటిముఖం పట్టాం. కోహకు కట్టు కట్టిన చేత్తో బెంచీ మీద కూర్చుని, గొంతు పోయేలా జట్టుని కేకలతో ఉత్సాహపరిచాడు. ఆట అయ్యాక వాణ్ణి పక్కకి పిలిచి, టోపీ తీసి, నడుం వంగేదాకా తల వంచాను.

"నీ పుస్తకం చదివానురా. నిన్న చదివాను. తప్పు నాది. నువ్వు అడిగావు, నేను వినలేదు."

"పర్లేదండీ" అన్నాడు, కంగారుగా చుట్టూ చూస్తూ.

పుస్తకం వాడి ఎడమ చేతిలో పెట్టాను. "ఎడమ చేత్తో అయినా సరే, వంకరటింకరగా అయినా సరే, రాయి. చెయ్యి ఎలా ఉందో, నా మీద ఎంత కోపం ఉందో, అంతా రాయి."

వాడు పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు. అందులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"రాస్తే చదువుతారా, కోచ్ గారూ?"