బండి పట్టని సందు

తిమ్మప్ప ఇంటి పక్కగోడ ప్రతి వానాకాలం పడేది. మట్టిగోడ వానకు నానితే పడుతుంది, అందులో వింతేమీ లేదు. వింతంతా అది మళ్లీ లేచేటప్పుడు ఉండేది. పడిన చోట లేవకుండా, ఒక మూరెడు సందులోకి జరిగి లేచేది.

గద్వాల సంస్థానంలోని ఆ ఊళ్లో కొత్తగా ఇల్లు కట్టాలన్నా, ఉన్న ఇల్లు పెంచాలన్నా పట్వారి చేత అర్జీ రాయించుకుని ఇజాజత్, అంటే అనుమతి, తెచ్చుకోవాలి. పడిన గోడ లేపుకోవడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. అది మరమ్మతు కింద లెక్క. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. దాంతో ఒక అర్ర, అంటే ఇంకో గది, సంపాదించుకోవచ్చని మాత్రం తన ఒక్కడికే తట్టిందని తిమ్మప్ప నమ్మకం. ఏడు వానాకాలాలకు ఏడు మూరలు. ఎనిమిదో ఏట ఆ జాగా మీద దూలాలు పరిచి, పైన మట్టి కప్పి, దర్వాజ పెట్టి, దానికి కొత్త అర్ర అని పేరు పెట్టాడు. దూలానికీ దూలానికీ నడుమ జాగాను అంకణమని లెక్కేస్తే, మూడంకణాల ఇల్లు నాలుగంకణాలైంది. ఎక్కడా ఒక్క కాయితం కదల్లేదు.

"తెలివుండాలె గాని, వాన గూడ మనింటికి కూలికొస్తది" అని రచ్చకట్ట దగ్గర అనేవాడు. తర్వాతి కాలంలో ఈ కథ తనే చెప్పుకుంటూ ఇక్కడికి రాగానే ఆగి, పొగాకు దవడకు సర్దుకుని, "అప్పట్ల నాకు తెలివి మస్తుగుండె. ఇంట్ల పట్టక సందులకు గూడ పాకె" అని నవ్వేవాడు.

అంత ముద్దుగా పెంచుకున్న ఇంటిని అమ్మవలసి వచ్చింది. కారణం అతడి భార్య పార్వతమ్మ.

పార్వతమ్మది తుంగభద్ర పక్కన రాజోలి. పెళ్లయి ఈ మెట్ట ఊరికి వచ్చిన మొదటి ఎండాకాలం, దిగుడుబాయి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి గడపలో దించి, "మా ఊళ్లె ఏరు ఇంటెనకనే ఉంటది" అంది. కొత్త పెళ్లికొడుకు కదా, తిమ్మప్ప గుండె కరిగిపోయింది. "రెండేండ్లాగు, మనం గాడికే పోదాం" అన్నాడు. ఆ రెండేళ్లు సాగి సాగి ఇరవై రెండయ్యాయి. పార్వతమ్మ మళ్లీ ఎన్నడూ అడగలేదు. అడగకపోవడమే తిమ్మప్పకు ముల్లులా ఉండేది. నీళ్ల బిందె ఇంట్లో దిగిన చప్పుడు వినిపిస్తే అతడు ఏదో పనున్నట్టు లేచి బయటికి పోయేవాడు.

ఇప్పుడు ఆమె అన్న నాగన్న కబురు పంపాడు. ఏటి ఒడ్డున ఒక నేల చెక్క అమ్మకానికి వచ్చింది. ఉగాది దాకా ఎట్లాగో ఆపుతాను, ఆ తర్వాత నా చేతిలో ఉండదు అన్నాడు. నాలుగంకణాల ఇంటికి వచ్చే ధరతో ఆ చెక్క మొత్తం వస్తుంది. ఉగాదికి నెల కూడా లేదు. ఆ కబురు విన్న రోజు పార్వతమ్మ పొయ్యి దగ్గర తనలో తను ఏదో పాట తీసింది. ఆమెకు పాట వచ్చని తిమ్మప్పకు అంతవరకూ తెలియదు.

అదృష్టం బాగుండి కొనేవాడు వెంటనే దొరికాడు. కొత్తకోట పల్లికాయల వ్యాపారి చిన్నయ్య శెట్టి, ఈ ఊళ్లో సరుకు నిలవ పెట్టుకోవడానికి ఇల్లు వెతుకుతున్నాడు. సంతనాడు నడిచి వచ్చి, ఇల్లంతా తిరిగి, కొత్త అర్ర గడపలో నిలబడి, "దీంట్లె బస్తాలు దూలం దాక పెట్టొచ్చు" అని మురిశాడు. నాలుగంకణాల ధరకే మాట అనుకున్నారు. సోమవారం ఖాళీ గోనెల బండితో వస్తాను, కాయితం రాసుకుందాం అని పోయాడు.

సోమవారం బండి వచ్చింది. వచ్చి సందు మొగదల నిలబడిపోయింది.

శెట్టి బండివాడు ఎడ్లను అదిలించాడు. ఎడ్లు రెండడుగులు వేశాయి. ఎడమ చక్రం ఎదుటింటి రాతిగోడకు ఆనింది, కుడి చక్రం తిమ్మప్ప గోడలో దిగబడింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. బజారులో పోయేవాళ్లు నలుగురు పట్టి వెనక్కి లాగితే గాని ఊడి రాలేదు. గోడకు మాత్రం చక్రం అంత గుంట పడింది.

"ఎవడు కట్టిండయ్యా ఈ గోడ?" అన్నాడు శెట్టి, చెమట తుడుచుకుంటూ.

ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న కోసమే తిమ్మప్ప ఎదురుచూశాడు, తన తెలివి చెప్పుకోవడానికి. తీరా అడిగేసరికి గోడకు పడ్డ గుంటను అరచేత్తో మూయబోయాడు.

"నీ బండి ఎట్లొస్తదయ్యా ఇంటికి?"

"నా బండి చేని కాడ కొట్టంల ఉంటది" అన్నాడు తిమ్మప్ప.

అది నిజమే. కొత్త అర్ర లేచిన ఏడాదే కొట్టం చేను దగ్గరికి మార్చాడు, అయిదేళ్లయింది. ఎడ్లు ముదిరి మొండికేస్తున్నాయని, సందులోకి రమ్మంటే తల విదిలిస్తున్నాయని, వాటిని తిట్టి, కొట్టి, చివరికి విసిగి అక్కడ కట్టేశాడు. అప్పటి నుంచి గింజల మూటలు బజారు నుంచి ఇంటికి పార్వతమ్మ నెత్తి మీదే వచ్చేవి. సందు ఇరుకైందని ఎడ్లకు అర్థమైంది. తిమ్మప్పకు అర్థం కావడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది.

"బండి రాని ఇల్లు నేనేం చేసుకుంట? గోడ తీయి. బండి పోతే శుక్రారం మాట్లాడుదం. లేకుంటే నాకు ఇంకో ఊరున్నది" అని శెట్టి బండి మళ్లించుకుని పోయాడు.

మరునాడు పొద్దున్నే తిమ్మప్ప గడ్డపార పట్టాడు. ముందు కొత్త అర్ర కప్పు విప్పాడు, దూలాలు దించాడు, తర్వాత గోడ మీద పడ్డాడు. ఏడాదికోసారి చినుకు తగిలితే కూలిపోయే గోడ, ఈ ఫాల్గుణపు ఎండకు గట్టిపడి ఎంత పొడిచినా కదలదు. చూడ్డానికి జనం చేరారు. తలారి భీమయ్య కర్రకు గడ్డం ఆనించి, "ఏం తిమ్మప్పా, ఈ ఏడు వాన గింత తొందరగొచ్చిందా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. తిమ్మప్ప కూడా నవ్వాడు. అక్కడున్న వాళ్లలో ఆ మాటకు నవ్వే హక్కు అందరికంటే తనకే ఎక్కువ ఉందనిపించింది.

జనం పలచబడ్డాక సందు చివరి ఇంటి నాగేంద్రమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, తిమ్మప్ప కంటే పదేళ్లు పెద్దది. ఒక్క మాటైనా అనకుండా, పెళ్లగించిన మన్ను తట్టకెత్తుకుని పోసి రావడం మొదలుపెట్టింది. రెండు తట్టలు, మూడు తట్టలు. తిమ్మప్పకు చేతులాడలేదు.

"నీకెందుకక్కా ఈ కష్టం?"

"బండి పోవాలంటె మన్నెత్తాలె గద."

"నీకు బండేడిదక్కా?"

"నా బిడ్డకు ఎనిమిదో నెల" అంది నాగేంద్రమ్మ.

తిమ్మప్ప గడ్డపార దించాడు. ఆమె కూతురు జములమ్మ తొలికాన్పుకు నాలుగేళ్ల కిందట తల్లి దగ్గరికి వచ్చింది. నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదు. గద్వాల దవాఖానకు తీసుకుపోదామని బండి పిలిపించారు. బండి బజారులోనే ఆగిపోయింది. జములమ్మను మంచం మీద పడుకోబెట్టి నలుగురు సందులో మోసుకొస్తుంటే, సరిగ్గా మొగదలకు వచ్చేసరికి కాన్పయింది. పట్టపగలు, నడిబజారు. ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి చీరలు అడ్డం పట్టారు. ఆ రోజు తిమ్మప్ప తన గొంగడి తెచ్చి కప్పాడు, మూగిన మొగవాళ్లను తిట్టి తరిమాడు. నాలుగేళ్లుగా ఆ కథ కూడా చెప్పుకుంటున్నాడు. ఆ పొద్దు నేను లేకపోతే ఏమయ్యేదో అని ముగించేవాడు.

"అల్లుడు పంపుతనంటడు. అదే రానంటది" అంది నాగేంద్రమ్మ. "బజార్ల బండి దిగి, అందరు చూడంగ ఆ జాగ దాటుకుంట నడిచి రానంటది. నాలుగేండ్లాయె, నా ఇంట్ల అడుగు పెట్టక. బండి నా వాకిట్ల దాక వస్తదంటె ఏమన్న వస్తదేమో."

తిమ్మప్పకు ఎండ ఒక్కసారిగా నెత్తికెక్కినట్టయింది. "నేను ఆ పొద్దు గొంగడి..." అని ఏదో అనబోయాడు.

"నీ గొంగడి మంచిదే తిమ్మప్పా. నీ గోడనే మంచిది గాదు."

"మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఏడాదికో మూర జరుపుతివి. ఏ మూర కాడ కొట్లాడాలె నీతోని?" అని ఆమె తట్ట ఎత్తుకుని పోయింది.

తిమ్మప్పకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒంటరిగా ఉన్నా తల ఎత్తనివ్వని సిగ్గు. గురువారం పొద్దుగూకేలోగా గోడను పునాది దాకా తవ్వేశాడు.

శుక్రవారం శెట్టి వచ్చాడు, పట్వారి రామచంద్రయ్య కాయితాలు, సిరాబుడ్డి పట్టుకుని వచ్చాడు. శెట్టి బండి సందులోకి వచ్చి, తిమ్మప్ప వాకిలి దాటి, చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. శెట్టి ముఖం వికసించింది. అరుగు మీద కూర్చుని తిమ్మప్పను దగ్గరికి పిలిచాడు.

"కాయితంల నాలుగంకణాలే రాద్దాం. తూర్పు హద్దు మొన్నటి గోడ కాడనే పెడ్దం. ధర మనమనుకున్నదే, దాంట్ల తేడా రాదు."

"గోడ తీసేస్తి గద శెట్టీ. ఆడ ఇప్పుడు సందే ఉన్నది."

"నేను మెల్లగ లేపుకుంట తీ. ఆ ముసలామె ఎన్నొద్దులుంటది? ఆమె ఇల్లు గూడ నేనే కొంట. సందంత కప్పి గోదాం చేస్త, మొగదల పెద్ద దర్వాజ పెడ్త. అప్పుడు ఎవరి బండి యాడికి పోవాలె?"

"పడిన గోడ లేపుకునుడు మరమ్మతే గద" అని నవ్వాడు రామచంద్రయ్య, కలం చివర చూసుకుంటూ. ఆ నవ్వు చూశాక తిమ్మప్పకు తెలిసింది, తన తెలివి ఇన్నేళ్లూ పట్వారి ఎదుట బట్టల్లేకుండా తిరిగిందని. ఇంకొకటి కూడా తెలిసింది. శెట్టి మాటలు కొత్తవి కావు. ప్రతి వానాకాలం మట్టి తొక్కుతూ తను తనతో అనుకున్నవే.

గడపలో పార్వతమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. నాలుగంకణాలైతే ఏటి ఒడ్డు చెక్క మొత్తం వస్తుంది. మూడైతే మొత్తానికి చాలదు, చెక్కను రెండు ముక్కలు చేసి సగమే తీసుకోవాలి. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేక తిమ్మప్ప సిరాబుడ్డి వైపు చూస్తూ అన్నాడు.

"మూడే రాయి పంతులూ. తూర్పుకు నాగేంద్రమ్మ ఇంటికి పోయే బండ్ల బాట అని రాయి."

శెట్టి లేచాడు. నీకు మతి పోయిందా అన్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు, విప్పాడు. సరుకు ఊళ్లోకి వచ్చే రోజులు దగ్గర పడ్డాయి, బండి వాకిట్లోకి వచ్చే ఇల్లు ఇంకోటి లేదు. చివరికి మూడంకణాల ధరకే, గొణుగుతూ, ఒప్పుకున్నాడు.

తిమ్మప్ప లోపలికి పోయి భార్య ముందు నిలబడ్డాడు. "సగమే వస్తది" అన్నాడు.

"ఇరవై రెండేండ్లకు సగమన్న నిలబడ్డది నీ మాట" అంది పార్వతమ్మ. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతడికి అర్థం కాలేదు. రెండూ అయి ఉంటుందనుకున్నాడు.

హద్దుకు సాక్షిగా నాగేంద్రమ్మను పిలిచారు. రామచంద్రయ్య కాయితం చదివాడు. తూర్పు హద్దు దగ్గరికి రాగానే ఆమె చెయ్యెత్తి, "గది మల్లొక్కసారి సదువు పంతులూ" అంది. చదివాడు. "ఇంకొక్కసారి." పట్వారి విసుక్కోబోతే తిమ్మప్ప, "చదువు పంతులూ, ఆమె చాలన్నదాక చదువు" అన్నాడు. మూడోసారి విన్నాక ఆమె వేలిముద్ర వేసింది. వేలికంటిన సిరా తుడుచుకోకుండా అక్కడే నిలబడి, "వనపర్తి దిక్కు పోయే బండి ఎవరిదన్న ఉన్నదా?" అని అడిగింది. జములమ్మ అత్తగారి ఊరు వనపర్తి పక్కన.

తిమ్మప్ప కట్టిపెట్టిన మూటల వైపు చూశాడు. మరునాడు పొద్దున్నే రాజోలికి పోవడానికి సామాను కట్టి ఉంది, నాగన్న ఎదురుచూస్తుంటాడు, ఉగాది వారం రోజుల్లో ఉంది.

"రాజోలి యాడికి పోదు" అంది పార్వతమ్మ వెనక నుంచి. "ముందుగాల ఆ పిల్లను తీస్కరా. వాకిట్లనే దించు."

తిమ్మప్ప ఎడ్లు కట్టడానికి చేను దగ్గరికి బయలుదేరాడు.