సెల్లారులో నలభై ఒక్క సున్నాలు

అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకూడదనే పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుతో ఉత్తరం రాశాను. అయినా గుర్తుపట్టనందుకు నాకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్ల క్రితం ఇదే గేటు దగ్గర మా నాన్న పక్కన నిలబడి ఉన్నాను, కాలేజీ పిల్లను. అప్పుడీయన నా వైపు తిరిగి, "మీ నాన్నని ఇంటికి తీసుకెళ్లమ్మా, కాస్త పరువైనా మిగుల్తుంది" అన్నాడు. అన్నవాడు హాయిగా మరిచిపోయాడు.

"రండి మేడమ్, రండి. అందరూ మీకోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు" అంటూ తనే ముందు నడిచి సెల్లారులోకి తీసుకెళ్లాడు.

పదకొండు అంతస్తుల అపార్ట్‌మెంటు అది. వెనక ప్రహరీ దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఆ ఉప్పుగాలి ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి, లోపలి ఇనప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. పోయిన ఏడాది సెల్లారు కప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి కారు మీద పడింది. అధికారులు వచ్చి అందరినీ ఖాళీ చేయించారు. మరమ్మతులు చేయించి, ఇన్‌స్పెక్టరు సంతకం తెచ్చుకున్నాకే ఇళ్లలో అడుగుపెట్టాలన్నారు. మరమ్మతులు అయిపోయాయి. సంతకం పెట్టాల్సిన ఇన్‌స్పెక్టరును నేను. అరవై నాలుగు కుటుంబాలు అద్దె ఇళ్లలో, విప్పని అట్టపెట్టెల మధ్య సర్దుకుంటూ నా పెన్ను వైపు చూస్తున్నాయి.

ఆ అరవై నాలుగు కుటుంబాల మీదా నాకు జాలి లేదు. ఎందుకో చెబుతాను.

మా నాన్నదీ ఇదే పని. ఆయన చేతిలో ఒక చిన్న సుత్తి, జేబులో సుద్దముక్క ఉండేవి. పిల్లరును తట్టి వినేవాడు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల తుప్పు ఉబ్బి పొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెవితోనే పట్టుకుని, చుట్టూ సుద్దతో సున్నా చుట్టేవాడు. ఇంట్లో మా అత్త, అంటే నాన్న చెల్లెలు, ఆయన్ని ఆటపట్టించేది. "మా అన్నయ్య పుచ్చకాయ కొనడానికెళ్తే ఆ లోపు మనం స్నానం చేసి, వండుకుని, తిని, నిద్రపోయి లేవొచ్చు" అనేది. ఈ అపార్ట్‌మెంటు వాళ్లయితే ఆయనకి సుత్తి మాస్టారు అని పేరు పెట్టారు. అది ముద్దుపేరు కాదు.

తొమ్మిదేళ్ల క్రితం నాన్న ఈ సెల్లారులో నాలుగు రోజులు తట్టి, నలభై ఒక్క సున్నాలు చుట్టాడు. ఏ సున్నా ఏ పిల్లరు మీద ఉంది, నేల నుంచి ఎంత ఎత్తున ఉంది, ఎన్ని అంగుళాల వెడల్పు ఉంది, అన్నీ రాసిచ్చాడు. మరమ్మతులు చేయాలంటే ఇళ్లు ఖాళీ చేయాలి. ఆ మాట ఎవరికీ రుచించలేదు. తన రెండు ఫ్లాట్లు అమ్మకానికి పెట్టుకున్న ప్రెసిడెంటుకు అసలే రుచించలేదు. మీటింగుకు ముందురోజు మనుషుల్ని పెట్టి సున్నాలన్నీ కడిగించాడు. మర్నాడు అందరి ముందూ లేచి, "ఈయన సెల్లారులోకి దిగనే లేదు. ఇంట్లో కూర్చుని అల్లిన కథ ఇది. దిగితే గీతలేవి? రండి, చూపించమనండి" అన్నాడు. అందరూ దిగి చూశారు. పిల్లర్లు శుభ్రంగా ఉన్నాయి. నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఫిర్యాదు రాసి వరసగా సంతకాలు పెట్టారు. నాన్న లైసెన్సు పోయింది.

నాన్న నోట్లో నాలుక లేని మనిషి. "కడిగేశారు" అని ఒక్క మాట అన్నాడు, అంతే. ఆ తరువాత సుత్తి పట్టలేదు. పాత స్నేహితులు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. నేను ఇంజనీరింగ్ పూర్తి చేసి ఇదే లైసెన్సు తెచ్చుకుంటే చుట్టాలందరూ తండ్రి అడుగుజాడల్లో నడిచిందని మెచ్చుకున్నారు. వాళ్ల మెప్పు అలా ఉంచండి. నేను కక్షతో చదివాను. ఈ అపార్ట్‌మెంటు తనిఖీకి ఇన్‌స్పెక్టరు కావాలని తెలిసిన రోజు, ఆయన కూతుర్నని ఎక్కడా చెప్పకుండా ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

మొదటి రోజంతా తప్పు కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. రంగు నున్నగా ఉంది, అంచులు సూటిగా ఉన్నాయి. ప్రెసిడెంటు మధ్యమధ్యలో వచ్చి "టీ తాగుతారా మేడమ్?" అని అడుగుతుంటే నాకు చెమటలు పట్టాయి. పని నిజంగానే బాగుంటే నేనేం చేయాలి? ఈ మనిషికి నా చేత్తో సంతకం పెట్టిచ్చి, నమస్కారం పెట్టి వెళ్లాలా?

రెండో రోజు ఏడో పిల్లరు దగ్గర సుత్తి గొంతు మారింది. కొత్తగా పూడ్చిన చోట ఖంగుమంది. జానెడు పక్కకు జరిపి తట్టితే డొల్ల. ఇంకో పక్క కూడా డొల్లే. బేసి అంకెల వరసలో దాని పక్కనున్న తొమ్మిదో పిల్లరు దగ్గరా అంతే. టార్చిని గోడకు ఆనించి అడ్డంగా వెలుగు వేస్తే, రంగు కింద పూడ్చిన ముక్క అంచు కనిపించింది. టేపు పెట్టాను. నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. వెడల్పు పదకొండు అంగుళాలు.

ఆ అంకెలు నాకు తెలుసు. తొమ్మిదేళ్లుగా ఆ రిపోర్టు చదివి చదివి కంఠతా వచ్చేసింది. ఒక్కో పిల్లరూ కొలిచాను. నలభై ఒక్క ముక్కలు. అంగుళం తేడా లేకుండా మా నాన్న సున్నాలే.

మరమ్మతు చేసిన మేస్త్రిని పక్కకు పిలిచాను. "ఎక్కడ కొట్టాలో మీకెవరు చెప్పారు?"

"ప్రెసిడెంటుగారే కాగితాలిచ్చారు మేడమ్. ఇదిగో." మడతలు పడ్డ జిరాక్సు తీసిచ్చాడు. పేరుండే పై పేజీ లేదు. మిగతా అంతా నాన్న చేతిరాత. "మేం ఇంకొంచెం పక్కకి కొడదామంటే ఊరుకోలేదు. గీత లోపలే కొట్టండి, బయట ఒక్క అంగుళం ముట్టుకున్నా ఊరుకోనన్నారు."

ఇంతకంటే తెలివితక్కువ పని ఈ వృత్తిలో ఇంకోటి లేదు. సున్నా అంటే ఆరంభం. అక్కడ కొట్టడం మొదలుపెట్టి, తుప్పు వెంటే పోయి, మెరిసే చువ్వ కనిపించేదాకా ఆగకూడదు. పైగా అది తొమ్మిదేళ్ల నాటి సున్నా. గీత గీశారు కదా అని తుప్పు అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంటుందా? ఉప్పెక్కిన పాత కాంక్రీటు పక్కన కొత్తది పూడిస్తే, అంచుల్లో తుప్పు ఇంకా తొందరపడుతుంది. రిపోర్టును దొంగిలించగలిగారు, దాన్ని చదవగలిగిన మనిషిని మాత్రం తరిమేశారు.

ఆ జిరాక్సు పట్టుకుని నవ్వాను. మంచి నవ్వు కాదని నాకే తెలుస్తోంది. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు.

ప్రెసిడెంటు దగ్గరికెళ్లి, "రేపు మధ్యాహ్నం అందరినీ సెల్లారులోకే పిలవండి. అందరి ముందూ తేల్చేద్దాం" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీలు తనే తెప్పిస్తానన్నాడు.

మర్నాడు ఎనభై మంది దాకా వచ్చారు. ముందు వరసలో మూడో అంతస్తు టీచరమ్మ కూర్చుంది. ఆ రోజు ఫిర్యాదు మీద మొదటి సంతకం ఆవిడదే. ఇంటి తాళంచెవి అప్పుడే చేతిలో పట్టుకుని ఉంది. ప్రెసిడెంటు తన కష్టం గురించి తనే పావుగంట మాట్లాడి, నాకు దారి ఇచ్చాడు.

నేను టేపు టీచరమ్మ చేతికిచ్చాను. "ఏడో పిల్లరు. నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. అక్కడ ఒక అతుకుంటుంది, వెడల్పెంతో చూడండి."

ఆవిడ వంగి చూసింది. "పదకొండంగుళాలమ్మా."

"ఇప్పుడీ సుత్తితో అతుకు మీద తట్టండి. తర్వాత జానెడు పక్కన."

ఖంగు. తరువాత డొల్ల. అందరికీ వినిపించింది. ఆవిడ మళ్లీ తట్టింది. "అదేంటి, లోపలేం లేనట్టుంది?"

"ఈ కొలతలు నేను తీసినవి కాదు. తొమ్మిదేళ్ల కిందట ఒకాయన రాసిచ్చాడు. సెల్లారులోకి దిగనే లేదని, ఇంట్లో కూర్చుని కథలల్లాడని మీరంతా సంతకాలు పెట్టిన ఆయనే. దిగని మనిషి అంగుళాలతో సహా ఎలా చెప్పాడు? కథలే అయితే, మీ ప్రెసిడెంటుగారు ఆ కథల కాగితాన్నే మేస్త్రికెందుకిచ్చారు?" జిరాక్సు పైకెత్తి చూపించాను. మేస్త్రి వెనకనుంచి, "అవునండీ, ఆయనే ఇచ్చారు" అన్నాడు.

ప్రెసిడెంటు నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. "ఎవరు నువ్వు?"

"ఆయన కూతుర్ని."

"విన్నారా? పగబట్టి వచ్చిందండీ ఈ పిల్ల! ఇదంతా నాటకం!"

"అవును, పగతోనే వచ్చా" అన్నాను. ఆ మాట గట్టిగా అనడానికి తొమ్మిదేళ్లు ఆగాను. "అందుకే నా సంతకం చెల్లదు, నా మాటా నమ్మకండి. ఇంకొకర్ని పిలిపించుకోండి. ఈలోగా సుత్తి మీ దగ్గరుంది, చెవులు మీకున్నాయి. మీరే కొట్టి వినండి."

ఎగబడ్డారు. ఒకరి చేతిలోంచి ఒకరు సుత్తి లాక్కున్నారు. తొమ్మిదో పిల్లరు మీద ఎవరో కసిగా కొడితే పళ్లెమంత పెచ్చు ఊడి నేల మీద పడింది. లోపల చువ్వ ఎర్రగా, పొరలు పొరలుగా చితికి ఉంది. ప్రెసిడెంటు చుట్టూ జనం మూగారు. టీచరమ్మ నా దగ్గరికొచ్చి, "ఆ కాగితం మీద మొదటి సంతకం నాదేనమ్మా" అంది.

"తెలుసండీ" అన్నాను. పరవాలేదని అనలేదు. ఆవిడ ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను, కడుపు చల్లబడింది. సుత్తి వాళ్ల దగ్గరే వదిలేసి మహారాణిలా నడుచుకుంటూ బయటికొచ్చాను.

పుట్టింటికెళ్లేసరికి నాన్న చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. అత్త కుర్చీలో కూర్చుని ఉంది. గడపలోంచే మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. అత్త ఎగిరి గంతులేసింది. "వాడి ముఖం ఎలా మాడిందో ఇంకోసారి చెప్పవే! నెమ్మదిగా చెప్పు!" అంది. నేను ఇంకోసారి చెప్పాను. నాన్న కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూ విన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతాయని, నా తల మీద చెయ్యి వేస్తాడని చూస్తున్నాను.

"ఏడు, తొమ్మిది, రెండూ పోయాయా?" అని అడిగాడు.

"రెండూ పోయాయి."

"రెండూ ఒకే దూలం కిందవి కదమ్మా. జాకీలు పెట్టించావా?"

పెట్టించలేదు. పక్కపక్క పిల్లర్లు రెండు డొల్లని తేలితే ముందు మనుషుల్ని బయటికి పంపాలి. తరువాత కప్పుకు ఊతంగా ఇనప జాకీలు నిలబెట్టించాలి. ఆ తరువాతే ఏ మాటైనా. పనిలో చేరిన మొదటి నెలలో నేర్పేది ఇది. ఆ రెండు పిల్లర్ల సంగతి నాకు నిన్న మధ్యాహ్నం నుంచీ తెలుసు.

"కింద ఎంతమందున్నారు?"

"ఎనభై మంది." మిగతాదీ చెప్పాను. "సుత్తి కూడా వాళ్ల చేతికే ఇచ్చా."

నాన్న ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు నాన్న మాట వినలేదని కదా తొమ్మిదేళ్లు రగిలిపోయాను. అదే కప్పు కింద వాళ్లందరినీ నేనే కుర్చీలేసి కూర్చోబెట్టాను.

"ఫోన్ చెయ్యి" అన్నాడు నాన్న.

"ఎవరికి?"

"మేస్త్రి మనుషులు ఎవరి మాట వింటారో వాళ్లకి."

ప్రెసిడెంటుకు చేశాను. "దయచేసి పెట్టేయకండి" అని మొదలుపెట్టాను. ఆ మనిషిని దయచేసి అని అడిగాను. అవతల ఇంకా అరుపులు, సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. అందరినీ వెంటనే బయటికి పంపించి, ఆ దూలం కింద జాకీలు పెట్టించమని చెప్పాను.

ఆయన బొంగురుగా అడిగాడు. "ఈ మాట నువ్వు చెప్తున్నావా, మీ నాన్న చెప్తున్నారా?"

నాకు లైసెన్సుంది. నాన్నకు లేదు. "మా నాన్నే చెప్తున్నారు" అన్నాను.

"సరే" అన్నాడు, ఇంకేమీ అడగలేదు. ఫోన్ పక్కకు పెట్టి అరవడం వినిపించింది. "కొట్టడం ఆపండి! అందరూ బయటికి నడవండి! సుత్తి మాస్టారు చెప్పారు, కప్పు కింద ఎవరూ ఉండొద్దంట! మేస్త్రీ, జాకీలు దించు!" ఎందుకని ఒక్కరూ అడగలేదు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు, ఆపైన బోలెడన్ని అడుగులు. మెల్లగా సెల్లారు ఖాళీ అయింది.

ఆయన మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. రొప్పుతున్నాడు. "ముప్పై జాకీలున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు, మేస్త్రికీ తెలీదు. నాన్నగారిని ఒక్కసారి అడుగుతావా అమ్మా?"

నాన్న అప్పటికే ఇస్త్రీపెట్టె వైరు పీకేసి నిలబడ్డాడు. ఫోన్ ఆయన చేతికిచ్చాను.