మూడో గడిలో టిక్కులు

ఐదు నెలల చంటిదానికి పాలిస్తున్న అప్పలలక్ష్మి కడుపులో రెండు నెలల పిండం ఉందని స్కానింగ్ కాగితం చెబుతోంది. రమాకుమారి చేతిలోని ఫారం మాత్రం ఆమెకు గర్భం వచ్చే అవకాశమే లేదంటోంది.

తల్లిపాలతోనే కాన్పుకీ కాన్పుకీ ఎడం పెట్టుకోవచ్చని నేర్పే కార్యక్రమం మెటియాబ్రుజ్ రేవు పక్కనున్న తెలుగు బస్తీలో ఎలా నడిచిందో తేల్చమని, దాన్ని నడిపే భవానీపూర్ ఆఫీసు రమాకుమారిని తనిఖీకి పంపింది. నియమాలు మూడే. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదు. తల్లికి నెలసరి మళ్లీ మొదలవకూడదు. ఏ ఒక్కటి తప్పినా ఆ రోజే వేరే దారి చూసుకోవాలి. అప్పలలక్ష్మికి ఈ మొదటి కాన్పు ఆపరేషనే. రెండేళ్లు ఆగకపోతే ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు అప్పుడే హెచ్చరించాడు.

రమాకుమారి అనుమానం ముందు అప్పలలక్ష్మి అత్తగారు అప్పమ్మ మీదికి పోయింది.

"పిల్లకి పంచదార నీళ్లేమైనా పట్టారా పెద్దమ్మా?"

"ఏటమ్మా ఆ మాట! సుక్క మంచినీళ్లు కూడా పట్టనేదు. మా ఇంట్లో దొంగని ఎతకడానికొచ్చినావేటి?"

"అది కాదు. మీకు నేర్పిన నియమాలు చెప్పండి చాలు."

అప్పలలక్ష్మి వేళ్లు ముడిచింది. "ఆర్నెల్లు దాటకూడదు. పాలు తప్ప మరేటీ ఇవ్వకూడదు. అంతే."

"మూడోది?"

"మూడోదేటి?"

నెలసరి మళ్లీ వచ్చిందా అని అడిగితే, మూడో నెలలో ఒకసారి వచ్చిందని అప్పలలక్ష్మి చెప్పింది. రమాకుమారి ఆ సందులోనే మరో ముగ్గురు తల్లుల్ని నియమాలు అడిగింది. ముగ్గురూ రెండే చెప్పారు. వాళ్లలో ఒకామెకు రెండు నెలలుగా నెలసరి వస్తోంది. అయినా పాలిస్తున్నాను కదా అని నిశ్చింతగా ఉంది.

చివరి ఇంటి అరుగు మీద కూర్చుని ముప్పై ఏడు ఫారాలూ తిరగేసింది. మొదటి రెండు గడుల్లో టిక్కులు ఒక్కో తేదీన ఒక్కో పెన్నుతో పెట్టినవి. నెలసరి సంగతి రాసే మూడో గడిలో మాత్రం అన్నీ ఒకే పెన్నువి, ఒకే వాలు. ఎవరో ఒక్క విడతలో కానిచ్చేశారు.

ఇక్కడ తల్లులకు నియమాలు నేర్పే మీటింగులు పెట్టి, ఫారాలు నింపింది మల్లేశు. రేవులో పనిచేసే గవరయ్య కొడుకు, నలభై ఏళ్లవాడు. బెంగాలీ, తెలుగు రెండూ వచ్చని ఆఫీసు తీసుకుంది. టీ కొట్టు దగ్గర దొరికాడు. ఆమె చేతిలో ఫారాలు చూడగానే గ్లాసు పక్కన పెట్టాడు.

"ఒక్క మీటింగైనా ఎగ్గొట్టినానేటి మేడం? ఎవరినైనా అడగండి!"

"ఎగ్గొట్టలేదు. మూడో గడి ఎవర్ని అడిగి నింపావు?"

"అందర్నీ అడిగే..."

"అప్పలలక్ష్మిని ఏమని అడిగావో, ఆ మాట నాతో అను."

మల్లేశు చూపు ఫారాల మీదికి మళ్లించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లచ్చిమికేటైంది మేడం?"

"ఇప్పుడు రెండో నెల."

బెంచీ మీద కూలబడ్డాడు.

"అప్పమ్మ నాకు మేనత్త మేడం. లచ్చిమి సెల్లి వరస. అంతమంది ఆడోళ్ల మద్దెన నిలబడి ముట్టు మాట ఎలాగెత్తుతాను? మొదటి మీటింగులో గొంతు దాకా వచ్చి ఆగిపోనాది. రెండోసారి అసలు రానేదు. పాలిస్తన్నప్పుడు ముట్టెలాగొస్తాదిలే అని నాకు నేనే సర్ది సెప్పుకున్నాను. ఇంటికెళ్లి ఆ గడులన్నీ నేనే నింపేసినాను. ముప్పై ఏడుగురిలో ఒక్కర్ని కూడా అడగనేదు."