ఆస్పత్రిలో చెప్పిన మాట

పత్తి రావడం లేదు, పని లేదు అని చెప్పి మల్లేశ్వరిని జిన్నింగ్ మిల్లులోంచి తీసేశారు. ఆమె నమ్మింది. కానీ ఆ సోమవారం ఆదోని బజారుకు పోతూ చూస్తే మిల్లు ముందు పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి. గేటు లోపల కొత్త ఆడవాళ్ళు తట్టలు మోస్తున్నారు.

టీ కొట్టు దగ్గరున్న మిల్లు మేస్త్రీ ప్రకాష్‌ను నిలదీసింది.

"పని లేదంటివే? వాళ్ళెవురు? నేనేమన్నా దొంగతనం చేసినానా? మా గోనెగండ్లలో అందరూ అట్లే అనుకుంటాండారు!"

ప్రకాష్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లింగమ్మను ఆస్పత్రికి తీసకపోయినావు కదక్కా. డాక్టరుకు ఏం సెప్పినావు?"

"మిల్లు మిషన్‌లో సెయ్యి పడిందని సెప్పినా."

"అదే తప్పయింది. డాక్టరు రాసి పంపితే మిల్లుకు పోలీసులొచ్చినారు. ఇంట్లో గడ్డి కోస్తాంటే తెగిందని సెప్పింటే నీ పని ఉండేది."

మల్లేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆటోలో, మిల్లులో తనతో పనిచేసే లింగమ్మ తల ఆమె ఒడిలోనే ఉంది. చీరంతా నెత్తురు. ఆ పూట మిల్లు సావుకారు ఆస్పత్రి వైపు తొంగి చూడలేదు.

నేరుగా మిల్లులోకి నడిచింది. సావుకారు మద్దికెర నుంచి పత్తి తెచ్చిన రైతులతో బేరమాడుతున్నాడు.

"సావుకారూ, నన్నెందుకు తీసేస్తివో వీళ్ళ ముందర సెప్పు!"

"పోలీసుల్ని మిల్లుకు తెచ్చినదాన్ని ఎట్ల పెట్టుకుంటారు? పో బయటికి!" అని అతను అరిచాడు.

"నిజం సెప్పినందుకు తీసేస్తివి. ఆ మాట నీ నోటితోనే వచ్చింది, సాలు."

"యాడి పోలీసులప్పా? ఏమైంది?" అని ఒక రైతు అడిగాడు. సావుకారు వాచ్‌మన్‌కు సైగ చేశాడు. వాచ్‌మన్ ఆమె చెయ్యి పట్టి లాగితే విదిలించుకుని తానే బయటికి వచ్చింది.

మధ్యాహ్నం బస్సులో ఊరికి పోయి లింగమ్మ ఇంటి ముందు నిలబడింది. లింగమ్మ కట్టు కట్టిన చేతిని కొంగు కింద దాచుకుంది.

"సావుకారు మనిషి వచ్చిపోయినాడు మల్లేశ్వరీ. ఇంట్లోనే తెగిందని స్టేషన్‌లో సెప్పమంటాండాడు. భయమైతాంది."

"ఆ మాట సెప్పనందుకే నా పని పోయింది. ఇప్పుడు నువ్వు సెప్తే నన్ను అబద్ధాలకోరును చేస్తావు. నీ సెయ్యి యాడ తెగిందో నీకు తెలీదా?"

లింగమ్మ ఏడ్చింది. ఏడుపు ఆగేదాకా మల్లేశ్వరి కదల్లేదు, ఓదార్చలేదు కూడా. కోపం ఇంకా తగ్గలేదు.

సాయంత్రం ఇద్దరూ స్టేషన్‌కు పోయారు. మిల్లులోనే జరిగిందని లింగమ్మ తన నోటితో చెప్పింది. మల్లేశ్వరి పని మాత్రం తిరిగి రాలేదు.