పున్నమ్మను కుమ్మిన ఎద్దు

మార్టూరు దగ్గరి ఒక ఊళ్ళో మిరప పండించే యలమంద భార్య పున్నమ్మ. యాభై ఆరేళ్ళ మనిషి. పదేళ్ళుగా కీళ్లవాతం. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి చెంబు కూడా పట్టుకోలేకపోయేది. ఊళ్ళో మందులిచ్చే ఆయన దగ్గర ఒక చిన్న తెల్లబిళ్ళ ఉండేది. అది వేసుకుంటే చాలు, లేచి చకచకా తిరిగేది. అది స్టిరాయిడ్ అని ఆమెకు తెలియదు. నొప్పి పోయింది, ముఖం గుండ్రంగా నిగనిగలాడుతోంది. "వయసు వెనక్కి పోతంది చూడవయ్యా," అని మొగుడికి చూపించుకుని మురిసిపోయేది.

రెండువేల మూడు, ఫిబ్రవరి. కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే ఘాటు ముక్కుకెక్కి పున్నమ్మ తుమ్మింది. మామూలు తుమ్మే. కానీ నడుంలో ఏదో టక్కుమంది. ఇక కదల్లేకపోయింది.

"పట్టేసిందిలే," అన్నాడు యలమంద.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుంపట్టు వదులుతుందని ఆ ఊళ్ళో గట్టి నమ్మకం. అలా పుట్టింది పక్కింటి సుబ్బరావమ్మ. భారీ మనిషి. కబురందగానే కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చేసింది.

"బోర్లా పడుకో వదినా. మూడే తొక్కులు."

ఆమె కాలు లేపిందో లేదో, పున్నమ్మ కేకకు కల్లంలో కాకులన్నీ లేచిపోయాయి. కోడలు అఖిల పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"ఆగండి పిన్నీ! ముందు ఎక్స్‌రే తీయిద్దాం. తొక్కేదేముంది, ఎప్పుడైనా తొక్కొచ్చు."

గుంటూరులో డాక్టర్ ఖుర్షిదా ఎక్స్‌రేని వెలుతురుకెత్తి చూసింది. "వెన్నుపూస ఒకటి అణిగిపోయిందమ్మా. ఎక్కడైనా పడ్డారా?"

"లేదమ్మా. తుమ్మాను."

డాక్టరు నవ్వలేదు. అఖిల వెంట తెచ్చిన బిళ్ళల పొట్లం అందుకుని చూసింది. "కీళ్లవాతం కీళ్ళతో ఆగదు, ఎముకల్నీ గుల్ల చేస్తుంది. దానికి తోడు పదేళ్ళుగా మీరు వేసుకునే ఆ తెల్లబిళ్ళ. ఎముక అప్పడంలా అయిపోయింది. తుమ్ము చాలు, విరగడానికి."

"అయితే ఇవాళ్టి నుంచే మానేస్తానమ్మా."

"ఒక్కసారిగా మానితే ఇంకా ప్రమాదం. నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కీళ్ళకు వేరే మందు రాస్తాను. ఎముకలకు వారానికో బిళ్ళ. పరగడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. కాఫీ కూడా తాగకూడదు."

ఎముక విరిగిందన్నప్పుడు రాని కన్నీళ్ళు కాఫీ మాటకు వచ్చాయి. అంతలో ఆమెకు ఊరు గుర్తొచ్చింది.

"అమ్మా, తుమ్మితే నడుం విరిగిందంటే ఊరంతా నవ్వుద్ది. చీటీలో 'తుమ్మింది' అని కాకుండా 'కుమ్మింది' అని రాయండి. ఎద్దు కుమ్మిందంటాను. ఒక్క అక్షరమేగా తేడా!"

"మనకు ఎద్దులేవే?" అన్నాడు యలమంద. "ట్రాక్టరేగా ఉంది."

"నువ్వు నోరుమూసుకో."

డాక్టరు రాయలేదు. పున్నమ్మ మాత్రం ఊళ్ళో దిగీదిగగానే ఎద్దు కథ మొదలెట్టింది. తొక్కడానికొచ్చిన సుబ్బరావమ్మకు కూడా, అది పట్టు కాదని, అంతకుముందే ఎద్దు కుమ్మిందని చెప్పి నమ్మించింది. చూడటానికొచ్చిన వాళ్ళు పెరిగేకొద్దీ ఎద్దూ పెరిగింది. పదిరోజులకు అది కొమ్ములు బారెడున్న ఒంగోలు గిత్త అయి కూర్చుంది. యలమంద వినలేక అరుగు దిగి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు సుబ్బరావమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని, వాచిన వేళ్ళు నొక్కుకుంటూ, కొంగు ముడిలోంచి బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. అదే తెల్లబిళ్ళ.

పున్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"ఆరేళ్ళయింది వదినా. దేవుడు చల్లగా చూస్తన్నాడు, నీలాగా నన్ను ఏ ఎద్దూ కుమ్మలేదు."

ఇక దాచడానికి పున్నమ్మకు మనసొప్పలేదు. గది నిండా ఆడవాళ్ళు. అయినా చెప్పేసింది.

"ఎద్దూ లేదు, గిద్దూ లేదు. తుమ్మాను. ఆ బిళ్ళే నా ఎముకల్ని తినేసింది. నీ ఎముకలు ఎట్లా ఉన్నయ్యో చూపించుకో సుబ్బులూ."

ఒక్కసారిగా నవ్వులు. మంచం కోడు పట్టుకుని మరీ నవ్వారు. పున్నమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగింది. నవ్వనిది సుబ్బరావమ్మ ఒక్కతే. తన చేతులవైపే చూసుకుంటూ ఉండిపోయింది.

వారం తిరక్కుండా అఖిల ఆమెను గుంటూరు తీసుకెళ్ళింది. ఎముకలు పల్చబడ్డాయి గానీ ఏదీ విరగలేదు. సమయానికి వచ్చారంది డాక్టరు.

వేసవికల్లా పున్నమ్మ లేచి నడిచింది. ఇద్దరికీ ఎముకల బిళ్ళ మంగళవారమే. ఆ పొద్దున నడుం వాల్చకుండా అరగంట ఎట్లాగోలా గడపాలి కాబట్టి, చెప్పులేసుకుని, ఎత్తుపల్లాలు చూసుకుంటూ స్కూలుదాకా నడిచి వచ్చేవారు. దారిలో ఎవరి ఇంట్లోంచి కాఫీ వాసనొచ్చినా ఆ ఇంటివాళ్ళను ఇద్దరూ కలిసి తిట్టేవారు.

"ఇంకెంతసేపే?" అనేది సుబ్బరావమ్మ.

"పది నిమిషాలు. నడు, నడు."