ఒక తల్లి ఉంది, పేరు చెప్పను

పోయిన మనిషి కలలోకి వస్తే ముందు "బాగున్నావా" అనైనా అడగాలి కదా, మా వదిన కమలిని అలాంటి మర్యాదలేవీ పెట్టుకోకుండా వచ్చీరాగానే నా చేతిలో వీడియోలకి వాడే ఆ గుండ్రటి లైటు పెట్టి, "సుభా, కాస్త పైకెత్తవే, కళ్ళ కింద నీడ పడుతోంది" అంటోంది. మూడు నెలల కిందట గుండెపోటుతో పోయిన మనిషికి కళ్ళ కింద నీడ గురించి ఇంకా బెంగేమిటో నాకు అర్థం కావడం లేదు, అయినా నా చెయ్యి దానంతటదే పైకి లేస్తోంది, ఆవిడ బతికున్నప్పుడూ అంతే, ఆడబిడ్డ ఒక మాట అన్నాక నా చెయ్యి నా మాట వినేది కాదు.

ఎక్కడున్నామో సరిగ్గా తెలియడం లేదు. ఆవిడ వీడియోలు తీసుకునే వెనక గదిలాగే ఉంది, గోడకి ఎప్పటిలా ఆ నీలం చీర కట్టి ఉంది, కానీ చీర ఎంత దూరం చూసినా అయిపోవడం లేదు, దాని అంచు వెంబడి ఆడవాళ్ళు బస్సు కోసం నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉన్నారు, వాళ్ళంతా వదిన వీడియోలు చూసే తల్లులని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుస్తోంది, వాళ్ళకి నేనెవరో తెలియకపోతే బాగుండునని లైటు వెనక మొహం దాచుకుంటున్నాను.

దాచుకోవడానికి కారణం ఉంది. వదినకి పిల్లల్లేరు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఎదిగే పిల్లల్ని ఎలా పెంచాలో, ఈ కాలం పిల్లల కష్టాలేమిటో ఊరందరికీ వీడియోల్లో చెప్పడం మొదలుపెట్టింది, ప్రతి వీడియో "ఒక తల్లి ఉంది, పేరు చెప్పను" అనే మొదలయ్యేది. ఆ తల్లిని నేనే. అన్నం దగ్గర పక్కింటమ్మాయి మార్కులు చదివిన తల్లి, పుట్టినరోజునాడు అలిగి మాట్లాడని తల్లి, ఫోను బియ్యం డబ్బాలో దాచి ఎక్కడ దాచిందో తనే మరిచిపోయి ఇల్లంతా వెతికిన తల్లి, అన్నీ నేనే. కింద కామెంట్లలో "ఇలాంటి తల్లులు కూడా ఉంటారా మేడమ్" అని జనం ఆశ్చర్యపోయేవారు. ఈ సమాచారమంతా ఆవిడకి మోసింది నా కడుపున పుట్టిన ధాత్రే, సాయంత్రమైతే చాలు రెండు వీధుల అవతల మేనత్త ఇంట్లో తేలేది, నాకు "ఊఁ", "లేదు" తప్ప మూడో మాట చెప్పని పిల్ల అక్కడ గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. నాకు కుళ్ళుగా ఉండేది. డిగ్రీ దాకా చదువుకున్నాను గానీ దానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

"నా వీడియోలు చూడనని అందరితో అంటావటగా?" వదిన చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అడుగుతోంది.

"నాకు తీరికెక్కడిదండీ వదినగారూ."

"మరి తమ్ముడి ఫోన్లోంచి అన్నీ చూసిందెవరే?"

"ఆయనే అయ్యుంటారు."

"ఆడపిల్లల మొదటి నెలసరి గురించి చెప్పింది తమ్ముడు రెండుసార్లు చూశాడా?"

వరసలో ఉన్న తల్లులు నవ్వుతున్నారు, ఆ నవ్వుకి నీలం చీర కదిలి దాని వెనకనుంచి మా వంటిల్లు బయటపడుతోంది, మా వంటింట్లో మా పొయ్యి మీద వదిన టీ మరుగుతోంది, నేనెప్పుడు పెట్టినా ఆ వాసన రాదు, ఆ టీ కోసమే పిల్ల అక్కడికి వెళ్ళేదేమోనని నేను ఒకప్పుడు అల్లం కూడా ఆవిడ కొనే కొట్లోనే కొన్నాను. ఆ సంగతి ఇప్పుడు ఆవిడకి తెలిసిపోతుందేమోనని భయమేస్తోంది, కలలో ఏదీ దాగదు.

"మీ ఆఖరి వీడియో కూడా చూశాను," అని నేనే తెగించి అంటున్నాను. "పిల్లల్ని ప్రశ్నలతో పొడవకండి, ఎదురుచూడండి, వాళ్ళే వచ్చి చెబుతారు అన్నారు. మూడు నెలల్నుంచి నోరు కట్టేసుకుని ఎదురుచూస్తున్నాను. దాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. అది వచ్చి చెప్పిందీ లేదు."

"మొత్తం మానెయ్యమని ఎవరన్నారే?"

"మీ వీడియోలో కొలతలు చెప్పలేదు మరి."

ఆవిడ నవ్వదు. ఇంతలో తల్లుల వరసని చీల్చుకుంటూ ఒక గోధుమరంగు కుక్క వస్తోంది, ఒక చెవి మడతపడి ఉంది, నన్ను ఒకసారి వాసన చూసి వెళ్ళి వదిన కాళ్ళ దగ్గర చుట్ట చుట్టుకుని పడుకుంటోంది. కుక్క కూడా అక్కడికే. లైటు విసిరి కొడదామా అన్నంత ఉక్రోషం వస్తోంది గానీ చెయ్యి కిందికి దిగదు.

"దీన్ని పోల్చుకున్నావా? నీ చేతి వంట తిని బతుకుతోంది."

"మా ఇంట్లో కుక్క లేదండీ."

"ఇంట్లో లేదులే."

ఆ మాట నాకు నచ్చడం లేదు, అందుకని మాట మార్చడానికి, ఎన్నాళ్ళనుంచో గొంతులో అడ్డుపడి ఉన్నదాన్ని బయటికి లాగుతున్నాను. "ఒకటి మాత్రం ఒప్పుకోవాలి వదినా. పిల్లలకి ఇంటిపనులు నేర్పండి అని వీడియో చేశారు చూడండి, అప్పట్నుంచి ధాత్రి తన క్యారేజీ తనే కడిగి తెస్తోంది. కాలేజీ కుళాయి దగ్గరే కడిగేసుకుని వస్తోంది. బడికెళ్ళే రోజుల్నుంచీ నేను మొత్తుకుంటే కడగలేదు, మీరొక్కసారి చెబితే కడిగింది. మీరు పోయాక కూడా మీదే గెలుపు."

"అన్నం తిన్న పిల్ల ఎవరైనా ఆ వయసులో క్యారేజీ కడుగుతుందటే?"

పొయ్యి మీద టీ పొంగుతోంది, ఎవరూ కట్టడం లేదు, టీ నేలంతా పారి ఏదో కాలేజీ గేటు ముందు మడుగు కట్టింది, ఆ గేటు బయట గోడవారన తెల్ల చున్నీ వేసుకున్న పిల్ల ఒకతి కూర్చుని ఉంది, మొహం కనబడటం లేదు, కనబడక్కర్లేదు, ఆ వంగిన వీపు నేను పదహారేళ్ళు నలుగు పెట్టిన వీపు. నిన్న నేను చేసిన గుత్తివంకాయ కూరని ఒక్కొక్క ముక్కే కుక్కకి వేస్తోంది.

"కాలేజీలో కలిసి తినే నలుగురూ ఒకటైపోయి ధాత్రిని పక్కన పెట్టేశారు సుభా. బెంచీ మీద చోటున్నా లేదంటున్నారట. ఒక్కతే కూర్చుని తింటే చూసి నవ్వుతారని తినడం మానేసింది."

"మీకెప్పుడు చెప్పింది?"

"నేను పోవడానికి వారం ముందు."

నాకు అడగాలని లేదు, అడగకపోతే ఉండలేను. "నాకు చెప్పొద్దందా?"

వదిన కుక్క చెవి సరిచేస్తోంది, అది మళ్ళీ మడతపడుతోంది. "చెప్పమనే అంది. 'నేను చెబితే అమ్మ ఏడుస్తుంది, నువ్వే చెప్పత్తా' అంది. చెబుతాలే అన్నాను."

"మరెందుకు చెప్పలేదు?"

"లైటు కాస్త పక్కకి తిప్పవే, కళ్ళలో పడుతోంది."

"తిప్పను."

"నీకేం తెలుసే," అంటోంది వదిన, ఆ గొంతు వీడియోల్లో గొంతు కాదు. "నీ మీద అరిచేది, అలిగేది, తలుపులు దబాలున వేసేది. నా దగ్గర? 'టీ చాలా బాగుందత్తా, వెళ్ళొస్తానత్తా.' ఇన్నేళ్ళలో ఒక్కసారి అలగలేదు నా మీద. పరాయివాళ్ళ ఇంట్లో ఉన్నట్టే బుద్ధిగా ఉండేది. తన అలకలన్నీ నీకే దాచి తెచ్చేది, ఆ అలకల గురించి నేను ఊరందరికీ పాఠాలు చెప్పుకునేదాన్ని. అలాంటిది మొదటిసారి ఒక కష్టం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వెంటనే తెచ్చి నీ చేతిలో పెట్టెయ్యబుద్ధి కాలేదు. నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకుందామనుకున్నాను. దాన్ని వీడియో కూడా చెయ్యలేదు తెలుసా?"

"చేసుంటే నేను చూసేదాన్ని కదండీ!"

ఆ మాట నా నోట్లోంచి అరుపులా వస్తోంది, తల్లులంతా ఒక్కసారి నా వైపు తిరుగుతున్నారు, ఒక్కరూ నవ్వడం లేదు. వదిన పమిట సర్దుకుని కెమెరా ముందు నిటారుగా కూర్చుంటోంది, చెయ్యి ఊపి రికార్డింగు మొదలుపెట్టమంటోంది, నేను మొదలుపెడుతున్నాను, ఆవిడ కెమెరాలోకి కాకుండా దాని పక్కనున్న నా మొహంలోకి చూస్తూ, "ఒక అత్త ఉంది, పేరు చెప్పను," అంటోంది, తరవాత పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినబడటం లేదు, నేను లైటు దగ్గరికి తెస్తున్న కొద్దీ ఆవిడ తెల్లబడిపోతోంది, "వదినా, గట్టిగా చెప్పండి, వినబడటం లేదు," అంటున్నాను, ఆ వెలుతురు మా పడగ్గది కిటికీ అయిపోతోంది.

ఆదివారం మధ్యాహ్నం. పక్కన మా ఆయన గుర్రు పెడుతున్నారు. లేచి వంటింట్లోకి వెళితే మేకుకి ధాత్రి క్యారేజీ సంచీ వేలాడుతోంది, శనివారం తెచ్చి తగిలించినట్టే ఉంది. దాన్ని తీసి వెలుతుర్లో తిరగేస్తే అడుగున గుడ్డకి అంటుకుని పొట్టి పొట్టి గోధుమరంగు వెంట్రుకలు ఉన్నాయి.

ఎదురుచూడమన్న వీడియో గుర్తొస్తోంది. సంచీ పట్టుకుని హాల్లోకి వెళ్ళి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న పిల్ల ఎదురుగా నిలబడి అడుగుతున్నాను.

"నా గుత్తివంకాయ దానికి నచ్చుతోందా, ఆ కుక్కకి?"

ధాత్రి చెవుల్లోవి మెల్లగా తీస్తోంది. సంచీ వంక, నా వంక చూస్తోంది. "ఇప్పుడా అడగడం? అత్త నీకెప్పుడో చెప్పింది కదా."

"చెప్పలేదే."

"చెప్తానందమ్మా."

"చెప్పకుండానే పోయింది."

దాని మొహం ఒక్కసారిగా వాడిపోతోంది. "నీకు తెలుసనుకున్నా. తెలిసి కూడా ఒక్క మాట అడగట్లేదేంటా అని... రోజూ క్యారేజీ అందుకునేటప్పుడు నీ మొహంలోకే చూసేదాన్ని." నా చేతిలోంచి సంచీ లాక్కుని దాని తాళ్ళు ముడివేస్తోంది, విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది. నేను ఏడవడం లేదు, ఏడుస్తానని కదా అది చెప్పనిది.

"అత్తకి చెబితే నీకు చెప్పినట్టే అనుకున్నాను," అంటోంది చివరికి, తల ఎత్తకుండా, కానీ పైకే, వినబడేలాగే. "నాదే తప్పమ్మా."